దూమప్ప మొక్కిన ఆట

మేళం మనిషి మోటారు సైకిలు దిగేసరికి గులాబి వసారాలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. ఒళ్ళో చేట, చేటలో పొగాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకుల కట్ట. ఎదురుగా పక్కింటి లిల్లి బాయి, ఆవిడ ఒళ్ళోనూ అలాంటిదే ఇంకో చేట. మూడబిద్రి పరిసరాల్లో ఏ వసారా చూసినా మధ్యాహ్నం పూట ఇదే దృశ్యం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, నోళ్ళు వాటి పని అవి.

"దూమప్ప పూజారిగారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇల్లు ఇదే. మనిషి లేడు," అంది గులాబి తల ఎత్తకుండా.

"తెలుసమ్మా, పోయిన వానాకాలంలో పోయారట కదా. నెల్లిగుడ్డె అమ్మవారి యక్షగాన మేళం నించి వచ్చాను. వచ్చే నెలలో మీ మొక్కుబడి ఆట. విఠ్ఠల శెట్టిగారు చెప్పి రమ్మన్నారు. పొలం చదును చేయించి రంగస్థలానికి చోటు చూపించండి. మేళం వాళ్ళ భోజనాలు మీవే. అమ్మవారి కిరీటం పెట్టె దించడానికి ఇంట్లో ఒక గది కడిగించి ఉంచండి."

గులాబి చేతిలో కత్తెర ఆగింది. ఆ మేళం చేత ఆట ఆడించాలని ఈరోజు రాయించుకుంటే వంతు ఎప్పటికో వస్తుంది. తాత రాయిస్తే మనవడు ఆడించిన ఇళ్ళు ఆ చుట్టుపక్కల బోలెడు. అది రాకుండానే తన బతుకు వెళ్ళిపోతుందని గులాబి అనుకుంది, పోనీలే అని కూడా అనుకుంది. ఇప్పుడు అది గుమ్మంలోకి వచ్చి నిలబడి నీళ్ళు అడుగుతోంది.

లిల్లి బాయి లేచి అతనికి చెంబుతో నీళ్ళూ బెల్లం ముక్కా ఇచ్చింది.

"ఆట రద్దు చెయ్యాలంటే ఎవర్ని అడగాలి?" అంది గులాబి.

అతను తాగుతున్న నీళ్ళు ఆపాడు. "ఏ ఆట?"

"ఇదే. మా ఆట."

"అయ్యయ్యో, మొక్కుబడి ఆట ఎవరైనా రద్దు చేస్తారా అమ్మా!"

"ఏం, ఎందుకు చెయ్యరు? కరెంటు రద్దు చేస్తారు. రేషను కార్డులో పేరు రద్దు చేస్తారు. మా ఆయన పోయిన వారానికే ఆయన పేరు కొట్టేశారు కదా, అందులో ఆలస్యం చేశారా? పందిరి వేశాక పెళ్ళిళ్ళే రద్దవుతున్నాయి. మీ ఆటకి మాత్రం కొమ్ములున్నాయా?"

అతను చెంబు ఖాళీ చేశాడు. ఆ సంగతి శెట్టిగారితోనే మాట్లాడుకోమని చెప్పి చెంబు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లిల్లి బాయి ఒక బీడీ చుట్టి, కొన గోటితో లోపలికి నొక్కి, దారం చుట్టింది. ఇంకొకటి చుట్టింది. ఆవిడ ఊరుకున్నదంటే ఏదో అనబోతోందని గులాబికి తెలుసు.

"మా చర్చిలో ఇంత పొడుగు వరస లేదమ్మా," అంది చివరికి. "కొవ్వొత్తి వెలిగించి వెంటనే అడుగుతాం. వెంటనే లేదనిపించుకుని ఇంటికొస్తాం."

"నవ్వించకు. నాకు ఒళ్ళు మండుతోంది."

"ఎవరి మీద? అమ్మవారి మీదా, మీ ఆయన మీదా?"

"ఇద్దరి మీదా." గులాబి కత్తెర మళ్ళీ ఆడించింది. "ఇరవయ్యేళ్ళ కిందట పిల్ల గుండెకి చిల్లు ఉందన్నారు. ఆపరేషను గది బయట నిలబడి ఆయన మొక్కాడు. పిల్ల బతికింది. మర్నాడే వెళ్ళి ఆట రాయించి వచ్చాడు. మూడేళ్ళు. ముచ్చటగా మూడేళ్ళు ఇచ్చి లాక్కుందే! దానికి నేను పందిరి వేసి, దీపాలు పెట్టి, ఊరందరికీ అన్నాలు వడ్డించాలా? ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకుంటే దాన్ని ఏమంటారో తెలీదా నీకు?"

లిల్లి బాయి ఇంకో ఆకు తీసుకుంది. ఆ మూడేళ్ళూ ఆవిడా చూసింది.

మాటలు ఆగాక గులాబికి కూతురు శశి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎప్పుడుంది గనక! ఎక్కడ ఆట మొదలై చెండ డోలు మోగినా తండ్రి భుజమెక్కి బయల్దేరేది. చాప మీద సగం నిద్రలో ఉండి, మహిషాసురుడు దివిటీలతో జనం మధ్యలోంచి అరుస్తూ వచ్చే వేళకి ఎవరూ లేపకుండానే లేచి కూర్చునేది. భయంతో తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకునేది, కళ్ళు మాత్రం మూసేది కాదు. మర్నాడు వాకిట్లో నడుముకి తువ్వాలు కట్టుకుని గిర్రున తిరిగేది. దూమప్ప కుంచం బోర్లించి దాని మీద తాళం వేసేవాడు. డాక్టరు పరుగులు వద్దన్నాడని గులాబి లోపల్నించి కేకలేసేది. ఇద్దరూ విన్నట్టే తల ఊపి, ఆవిడ లోపలికి వెళ్ళగానే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

పిల్ల పోయాక కూడా దూమప్ప ఆటలకి వెళ్ళడం మానలేదు. గులాబి క్షమించలేనిది అదే. తెల్లారి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, "నీ గుండె రాతితో చేశాడయ్యా దేవుడు," అని ఎన్నిసార్లు అందో! ఆయన ఒక్కసారీ బదులు చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

*

గులాబి నెల్లిగుడ్డెలో బస్సు దిగి మెట్లెక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మేళం వాళ్ళ ఆవరణలో తాళ్ళ మీద ఎర్ర పావడాలూ నల్ల చొక్కాలూ ఆరుతున్నాయి. రాత్రంతా ఆడి వచ్చిన వేషగాళ్ళు వరండాలో వరసగా పడుకుని నిద్రపోతున్నారు. ఒకాయన చెవి వెనక కడగడం మరిచిపోయిన పసుపు రంగు అలాగే ఉంది. రాత్రి దేవి వేషం ఆయనదే కాబోలు. ఇప్పుడు నోరు తెరిచి గురక పెడుతున్నాడు. కొబ్బరినూనె, చెమట, ముఖానికి పూసే రంగు, అన్నీ కలిసిన ఆ వాసన గులాబికి తగిలింది. శశి జుట్టులో తెల్లవారుజామున ఉండే వాసన అది.

గదిలో మేళం గుమాస్తా విఠ్ఠల శెట్టి తమలపాకుకి సున్నం రాస్తున్నాడు. ఆయన ముందు బల్ల మీద ఒక పాతికేళ్ళ పిల్ల హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈరోజైనా ఎవరన్నా రద్దు చేసుకున్నారా శెట్టిగారూ?" అంటోంది ఆ పిల్ల.

"ఇదేమన్నా బస్టాండు అనుకున్నావా అక్షతా, సీటు ఖాళీ అయితే ఎక్కేద్దామని? మొక్కుబడి ఆట ఎవరూ వదులుకోరు. ఇన్నేళ్ళలో నేను చూళ్ళేదు. ఇంటికి వెళ్ళి మీ తాతకి వేళకి మందులు ఇయ్యి."

"నేను వదులుకుంటాను," అంది గులాబి గుమ్మంలోంచి. "దూమప్ప పూజారి భార్యని. వచ్చే నెల ఆట మాది. రద్దు చెయ్యండి."

ఆ పిల్ల గబుక్కున ఇటు తిరిగింది. దాని మొహం అలా వెలిగిపోవడం చూసి గులాబికి ఎక్కడో కలుక్కుమంది. తన ఇంట్లో చీకటి ఇంకొకళ్ళకి పండగ కాబోలు.

శెట్టిగారు ఆ పిల్లని బయటికి పంపాడు. గులాబిని కూర్చోమన్నాడు. ఆకు నోట్లో పెట్టుకోలేదు, మడిచి పక్కన పెట్టాడు.

"రద్దు చెయ్యడం పెద్ద పనేం కాదమ్మా. కట్టిన అడ్వాన్సు అమ్మవారికి పోతుంది. ఒక సంతకం చాలు. కాని ఇక్కడో పద్ధతి ఉంది. కిరీటం పెట్టె ముందు నిలబడి, మొక్కు ఎందుకు వదులుకుంటున్నారో నోటితో చెప్పాలి."

"చెబుతాను. నాకేం భయమా? నువ్వు నీ మాట తప్పావు, నేను నా మాట తప్పుతున్నా అంటాను."

"దూమప్ప కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు."

గులాబికి అర్థం కాలేదు. "ఎవరు?"

"మీ ఆయనేనమ్మా. పిల్ల పోయిన పది పదిహేను రోజులకి వచ్చాడు. గడ్డం పెరిగిపోయి, ముందు గుర్తే పట్టలేదు నేను. రద్దు చెయ్యి శెట్టీ అన్నాడు. సరే అన్నాను, నేను మాత్రం ఏమనగలను? పెట్టె గది తలుపు తీశాను. లోపలికి రాలేదు. అదిగో, ఆ గడప మీద కూర్చున్నాడు. పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం దీపం పెట్టేదాకా లేవలేదు. అన్నం తినమంటే తినలేదు. నేను నా పనులు చూసుకుని వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాడు."

"ఏమన్నాడు?"

"ఉండనియ్యి శెట్టీ అన్నాడు. ఆట రద్దు చేస్తే ఆ మూడేళ్ళూ రద్దు చేసినట్టే కదా, అవి నేనెలా వదులుకుంటాను అన్నాడు. అంతే, కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నీకు చెప్పే ఉంటాడనుకున్నాను."

గులాబి లేచింది. చెప్పులు వేసుకోబోయి ఎడమదీ కుడిదీ తారుమారు చేసుకుంది. సంతకం సంగతి శెట్టిగారూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. బయట ఆ పిల్ల స్కూటరు పక్కన నిలబడి, "అత్తా, ఒక్క మాట..." అంటూ దగ్గరికొచ్చింది. గులాబి విననట్టే మెట్లు దిగిపోయింది.

*

మర్నాడు బీడీ డిపోలో చెకింగు కుర్రాడు ఆవిడ కట్టల్లోంచి ఒక గుప్పెడు తీసి పక్కకి విసిరేశాడు. "ఇదేంటి గులాబక్కా, అన్నీ నోరు తెరుచుకుని ఉన్నాయి? ఇవి నీ చేతివేనా?"

తనవే. గులాబి చుట్టిన బీడీ తిరిగొచ్చిందంటే ఆ ఊళ్ళో వార్తే. ఇంటి మలుపు తిరిగాక, ఏమైందని లిల్లి బాయి అడిగింది. గులాబి అంతా చెప్పింది.

"నాకు చెప్పలేదు లిల్లీ. అంత బాధ పెట్టుకుని నాతో ఒక్క మాట అనలేదు. నేను రాయి అన్నాను, మొద్దు అన్నాను, అన్నం ముందు పడేసి లేచిపోయాను. 'కాదే, నేనూ వెళ్ళి ఆ గడప మీద కూర్చుని వచ్చాను' అంటే ఆయన సొమ్మేం పోయేది?"

"అంటే నువ్వేం చేసేదానివి?"

గులాబి ఆలోచించింది. "మరి రద్దు చెయ్యకుండా ఎందుకొచ్చావని కొట్టేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

గులాబికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రోడ్డు మీద నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. మొగుడి కోసం ఆవిడ సరిగ్గా ఏడవడం అదే మొదలు. పోయినప్పుడు వచ్చింది కోపమే.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆటోరిక్షా ఉంది. ఆ అక్షత అనే పిల్ల ఒక ముసలాయన్ని పట్టుకుని దింపుతోంది. ఆయన కాళ్ళు వాచి ఉన్నాయి. అయినా ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, చేతిలో అరటి హస్తం ఒకటి.

"నేను కొరగప్ప బంగేరనమ్మా. మా మనవరాలు నీ సంగతి చెప్పింది. తిట్టి పంపించినా సరే, ఒకసారి అడిగి చూద్దామని వచ్చాను."

కూర్చోబెట్టాక ఆయన దాచకుండా చెప్పుకొచ్చాడు. "ఇది ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు పనసచెట్టు మీంచి పడింది. తెలివి లేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మొక్కాను. తెలివొచ్చింది. వచ్చాక, ఈ పంట చేతికొస్తే ఆట రాయిద్దాం అన్నాను. తరవాత ఇల్లు కప్పించాక అన్నాను. తరవాత దీని పెళ్ళి కుదిరితే అన్నాను. అమ్మవారెక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆవిడ ఎక్కడికీ పోలేదు తల్లీ, నేనే పోతున్నాను. ఈ మధ్యనే వెళ్ళి రాయిస్తే ఇరవై నాలుగేళ్ళ తరవాత వంతు అన్నారు. డాక్టరేమో ఈ ఏడాది చాలా జాగ్రత్తగా ఉండమంటున్నాడు. నువ్వు వద్దనుకున్న రోజు నాకిస్తే..."

"ఓహో!" అంది గులాబి. "మొక్కిన మర్నాడే పరిగెత్తి రాయించినవాళ్ళకి పిల్ల దక్కలేదు. మొక్కి ఎగ్గొట్టి తిరిగిన నీకు దక్కింది. ఇదేం న్యాయం, నువ్వే చెప్పు?"

లిల్లి బాయి దారపుండ కింద పెట్టేసింది.

"న్యాయం కాదు," అన్నాడు ముసలాయన. "నాకూ ఆ సిగ్గు ఉంది."

అక్షత లేచి తాత చెయ్యి పట్టుకుంది. "పద తాతా, వెళ్ళిపోదాం. అత్తా, మీ ఇంట్లో సంగతి తెలీక ఆరోజు నేను సంబరపడ్డాను. మీరు చూశారు కూడా. తప్పు నాదే. మీ ఆట మీరే ఆడించుకోండి."

ముసలాయన లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. ఆ పిల్ల కిందికి వంగి ఆయన పాదానికి చెప్పు తొడుగుతోంది. వాచిన పాదం పట్టక, వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లిగా లోపలికి దూరుస్తోంది. వంగినప్పుడు జుట్టు పక్కకి జారి, చెవి మీద పొడుగాటి మచ్చ కనిపించింది. గులాబి ఆ మచ్చకేసి చూస్తూ ఉండిపోయింది. ఇంత పెద్ద దెబ్బ తగిలినా బతికింది. చొక్కా మీద పేరున్న ఏదో మొబైలు దుకాణంలో పని చేసుకుంటూ, స్కూటరు నడుపుతూ, తాతకి చెప్పులు తొడుగుతూ.

"గంజి తాగి వెళ్ళండి," అంది.

ఎర్రబియ్యం గంజి, మామిడికాయ ఊరగాయ, కొబ్బరి పచ్చడి. అక్షత గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేసి, ఇంకొంచెం ఉందా అని అడిగింది. తాత కళ్ళెర్రజేశాడు. గులాబి అడుగంటా వంచి పోసింది. పోస్తూ, "నీకెన్నేళ్ళే?" అంది.

"శ్రావణంలో పాతిక నిండుతాయి."

బతికుంటే శశికీ అంతే ఉండేవి. ఆ మాట పైకి అనలేదు. గిన్నె పక్కన పెట్టి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ పిల్ల చెవి మీది మచ్చ వేలితో తడిమింది. అక్షత కదలకుండా కూర్చుంది.

"నొప్పి ఉంటుందా?"

"వాన పడే ముందు కొంచెం లాగుతుంది."

"తల తడవనివ్వకు మరి," అంది గులాబి.

*

తన రోజు ముసలాయనకి ఇస్తానని గులాబి చెప్పాక, శుక్రవారం నలుగురూ ఒకే ఆటోలో నెల్లిగుడ్డె వెళ్ళారు. లిల్లి బాయి బయట అరుగు మీద కూర్చుంది, వేడుక చూడాలి గాని లోపలికి రానంది. విఠ్ఠల శెట్టి పెట్టె గది తలుపు తీసి, దీపం ఒత్తి ఎగదోశాడు. పెట్టె మూత ఎత్తగానే కిరీటం మీది అద్దం ముక్కలు తళుక్కుమన్నాయి. గులాబి గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ రాతి మీద పొద్దంతా కూర్చున్న మనిషిని తలుచుకుంది. తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళింది.

శెట్టిగారు కిరీటం మీది మందారపువ్వు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది కొరగప్ప చేతిలో పెట్టి, నీ మొక్కు ఎందుకు వదులుకుంటున్నావో చెప్పమ్మా. తరవాత రద్దు అని రాసేస్తాను."

గులాబి పువ్వు ముసలాయన దోసిట్లో పెట్టింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"వదులుకోవడం లేదు," అంది. "వచ్చే నెల రోజు ఈయనకి ఇస్తున్నాను. ఈయన రోజు నాకు రాయండి."

శెట్టిగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇరవై నాలుగేళ్ళు ఉందమ్మా దానికి."

"తెలుసు."

"మొక్కు దేనికని రాయను?"

"కొత్తగా ఏమీ అడగను. ఇచ్చిన మూడేళ్ళకే. అవి ఎక్కడికీ పోలేదు, మా ఇంట్లోనే ఉన్నాయి."

శెట్టిగారు పుస్తకం తెరిచాడు. ఆట వదులుకోవడానికి వచ్చి, అంత దూరపు రోజుని చేజేతులా అడిగి తీసుకున్నవాళ్ళని ఆయన చూసి ఉండడు. "పేరు దూమప్పదే ఉంచనా?"

"ఉంచండి. పక్కన నాదీ రాయండి. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడే మోశాడు."

ఆ మాట అని గులాబి మొహం పక్కకి తిప్పుకుంది. అక్షత వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"నా పేరు కూడా రాయండి శెట్టిగారూ. ఆ ఆట నేను ఆడిస్తాను. పొలం చదును నించి వడ్డనల దాకా అన్నీ నావే."

"బాగానే ఉందమ్మా," అన్నాడు శెట్టిగారు కలం తీస్తూ. "కాని గులాబక్కా, అప్పటికి నీకు ఎనభై దాటుతాయి. ఆ సంగతి ఆలోచించావా?"

"దాటితే దాటనివ్వండి," అంది గులాబి. "ముందు వరసలో వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి వేయించండి చాలు."